పక్షివిశేష మనుట చాలునా?

సంస్కృతాంధ్ర నిఘంటువులఁ బరిశీలించువారికి ‘పక్షివిశేషము’ అను నర్థవివరణము మిగులఁ బరిచితమైనది. అమరసింహుఁడు సింహాదివర్గమున హారీతము, మద్గువు, కారండవము మున్నగు పక్షుల పేర్లు చెప్పెను. ఆయన గ్రంథము నామలింగానుశాసనము. పేరును, దాని లింగమును దెలుపుటతో నా గ్రంథము పని తీఱినది. తరువాత వచ్చిన వ్యాఖ్యాతలలోఁ బెక్కండ్రు రూపమును వివరింపవలసిన తావున ‘ఒక పక్షివిశేషము’ అని వ్రాసి ముందునకు సాగిరి. తెలుఁగు నిఘంటుకర్తలును దఱుచుగా నా త్రోవనే నడచిరి. శబ్దసాధుత్వమును, ప్రయోగమును నిర్ణయించుటలో 1885లో వెలువడిన శబ్దరత్నాకరమువంటి గ్రంథములు భాషకుఁ జేసిన మేలు సామాన్యమైనది కాదు. అయినను పక్షుల విషయమున నీ సంప్రదాయ మంతయు నొక పెద్దకొఱఁతను మోసికొని వచ్చినది. పాఠశాలలో బాలుఁడు ‘కారండవ మనఁగా నేమి?’ అని యడిగినచోఁ బండితుఁడు ‘ఒక పక్షి’ యనును. ‘అది యెట్లుండును?’ అని బాలుఁడు మరల నడిగినచో నిఘంటువు మౌనము వహించును.

వైశేషికదర్శనమున విశేష మనునది యొక నిత్యద్రవ్యమును మఱియొకదానినుండి వేఱుపఱచు పదార్థము. లోకవ్యవహారమునను విశేష మనఁగా భేదకమే. కోశములయందు మాత్రము భేదకమగు ధర్మ మొక్కటియుఁ జెప్పలేనిచోటనే యీ విశేషశబ్దము ప్రయోగింపఁబడుచున్నది. విశేషము తెలియదని చెప్పుటకు విశేషశబ్దమునే వాడుట యెంత వింత! దీనివలనఁ గలిగిన నష్టము చిన్నది కాదు. పేరు గ్రంథమున మిగిలినది. పక్షి యడవిలో మిగిలినది. రెంటిని గలుపు జ్ఞానము నడుమ నశించినది. సంస్కృతవాఙ్మయమునందలి పక్షులఁ గూర్చి కె. ఎన్. దవే రచించిన బృహద్గ్రంథము 1985లో వెలువడినది. ఒక్కొక్క నామమునకుఁ దగిన పక్షిని వెదకి పట్టుకొనుటకు నిన్నిశతాబ్దముల పిమ్మట నొక పండితుఁ డంత శ్రమపడవలసివచ్చుటయే యీ నష్టమునకు సాక్ష్యము.

ఈ కొఱఁతను దీర్చు మార్గము శాస్త్రములలో లేకపోలేదు. నైయాయికు లంగీకరించిన నాలుగు ప్రమాణములలో మూఁడవదియగు నుపమానము సరిగా నిందుకొఱకే యేర్పడినట్లున్నది. నగరవాసి యొకఁడు గవయమును జూచి యెఱుఁగఁడు. అడవులలోఁ దిరుగు నాప్తుఁడు వానికి నా మృగము గోవును బోలియుండునని చెప్పును. పిదప నాతఁడు వనమునకుఁ బోయి గోసదృశమగు మృగమును జూచి, విన్నమాటను స్మరించి, గవయ మను పేరుగలది యిదియే యని నిశ్చయించును. ఇచ్చట ఫలము మృగముయొక్క జ్ఞానము గాదు. దానిని గన్నే యిచ్చినది. గవయశబ్దము వినుటయు ఫలము గాదు. అది యాప్తునివలనఁ గలిగినది. ఫలము సంజ్ఞాసంజ్ఞిసంబంధజ్ఞానము. పేరునకును, బేరుగలదానికిని గల ముడి తెలియుటయే యుపమితి. అర్వాచీనులు దీనిని మూఁడువిధములుగా విభజించిరి. గవయమునందు సాదృశ్యము, ఖడ్గమృగమునందు ముక్కుపైఁ గొమ్ముండుట యను నసాధారణధర్మము, ఒంటెయందు గుఱ్ఱము మొదలగువానితోఁ బోలకుండుట యను వైధర్మ్యము. ఈ మూఁటిలో నేదైనను బేరును వస్తువుతో ముడివేయఁజాలును.

అరుదైన పక్షిని బర్వతారణ్యమునఁ గనుఁగొనువాని పని యిదియే. అచ్చట వెలుతురు తక్కువ. మంచు నిమేషమునకొక తెరను దింపును. పక్షి యొక పొదనుండి మఱియొక పొదలోనికి దాఁటునంతలోఁ జూపు ముగియును. స్థాణువో పురుషుఁడో యను సంశయము తర్కపాఠశాలలో నుదాహరణమాత్రము. అడవిలో నది ప్రతిదినానుభవము. చదివిన వర్ణనము స్మృతియందు సిద్ధముగా నుండవలెను. కన్ను భేదకమగు నవయవముపై నిలువవలెను. చెవి కూఁతను బట్టవలెను. వీనిలో నొక్కటి తప్పినను జూచినవాఁడును జూడనివాఁడే యగును. కాఁబట్టి పక్షిదర్శనమునందు సాఫల్యము సగము కంటిది, సగము వర్ణనము వ్రాసినవానిది. వర్ణనము ‘పక్షివిశేషము’ అని యూరకున్నచో నెంత నిశితమైన చూపును వ్యర్థమే.

ఈ విషయమును బరీక్షించుటకు 2006లో ‘ఇండియన్ బర్డ్స్’ పత్రికయందు రమణ ఆత్రేయ ప్రకటించిన నూతనపక్షివర్ణనము తగిన నిదర్శనము. దానిని విజ్ఞానవ్యాసముగనే కాక లక్షణగ్రంథముగఁ జదివినచోఁ గోశకారుఁడు నేర్వవలసిన పాఠములు పెక్కు గనఁబడును.

అరుణాచలప్రదేశమున పశ్చిమ కామెంగ్ జిల్లాయందు ఈగిల్‌నెస్ట్ అను వన్యప్రాణి సంరక్షణారణ్యము గలదు. ఆ పేరునకు ‘గ్రద్దగూడు’ అని యవయవార్థము చెప్పి గ్రద్దగూటికై వెదకువాఁడు భ్రమపడును. 1950 తరువాతి దశకమున నచ్చట విడిసిన భారతసైన్యపు ‘రెడ్ ఈగిల్’ దళమునుబట్టి యా పేరు వచ్చినది. రూఢి యోగమును మించు ననుటకు నిది చక్కని దృష్టాంతము. ఉష్ణమండలపుటడవులు హిమవంతముపైకిఁ బ్రాఁకి క్రమముగాఁ జల్లని యడవులుగా మాఱు నా తావున, సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకుఁ బైబడిన యెత్తున, పొదలును జిన్నచెట్లును దట్టముగఁ బెరిగిన కొండవాలు లీ పక్షికి నెలవులు. వృత్తిచే ఖగోళశాస్త్రజ్ఞుఁడగు ఆత్రేయ 1995లో నచ్చట నెన్నఁడు నెఱుఁగని పక్షిని గొద్దిసేపు చూచెను. చీనాదేశమున సిచువాన్ రాష్ట్రమందలి ఎమేయి పర్వతము పేర 1926లో వర్ణింపఁబడిన లియోసిక్లా యను తెగపక్షిని నది పోలియుండెను. కాని యా చీనాపక్షి నెల వచ్చటికి వేయి కిలోమీటర్లకుఁ బైదూరము.

ఇచ్చట నుపమానమునకుఁ గఠినమైన పరీక్ష కలిగినది. సాదృశ్యము కంటి కెదుట నున్నది. సంజ్ఞ పుస్తకమున సిద్ధముగ నున్నది. తొందరపడువాఁడు ‘ఎమేయిపక్షి భారతదేశమునను గలదు’ అని వ్రాసి కీర్తి గడించియుండును. ఇంకను దొందరపడువాఁడు ‘ఇది సర్వథా నూతనము’ అని చాటియుండును. ఆత్రేయ యీ రెండును జేయలేదు. ఆ పక్షి మరల 2005లోఁ గనఁబడువఱకుఁ బదియేండ్లు గడచినవి. 2006 మే మాసమున సన్నని వలలోఁ బడిన రెండుపక్షులఁ జేతఁబట్టి పరీక్షించిన తరువాతనే ప్రకటనము వెలువడినది. సంశయమును సంశయముగనే నిలుపుకొని పదియేండ్లు సహించుట ప్రమాణశాస్త్రము నెఱిఁగినవాని లక్షణము. గ్రంథపాఠములను సవరించువారును దొరకిన మొదటి పాఠాంతరమునే మూలమని నిర్ణయింపక యీ సహనమును బాటింపఁదగుదురు.

వర్ణనమును బరిశీలింతము. పక్షి జానెఁడు, మేను బూడిదవన్నె గలసిన యాకుపచ్చ. ఇంతవఱకుఁ జెప్పినది సామాన్యధర్మము. ఇట్టి పిట్టలు హిమవత్ప్రాంతమునఁ బెక్కులు గలవు. పిదప భేదకములు వచ్చును. నెత్తిపై నల్లని టోపి, కంటిముందరఁ బొంబళెపుఁ జాయ గల పసుపు, ఱెక్కలయందుఁ బసుపు ఎఱుపు తెలుపు మచ్చలు, నల్లని తోఁకకొనలయం దగ్నివర్ణము, వేణునాదమును బోలు కూఁత. ఎమేయిపక్షికి నల్లని టోపి లేదు. దాని నెత్తి బూడిదవన్నె. కాఁబట్టి జాతినిర్ణయమున సాదృశ్యమును, వ్యక్తినిర్ణయమున వైధర్మ్యమును, దూరమునుండి గుర్తించుట కసాధారణధర్మమును నొక్కవర్ణనమునందే సమకూర్పఁబడినవి. నైయాయికులు మూఁడు మృగములకుఁ బంచియిచ్చిన మూఁడు విధముల యుపమానము నొక్కపక్షి తానే పుచ్చుకొనినది. తర్కగ్రంథముల నెఱుఁగనివారును గార్యమును యథావిధిగఁ జేయఁబూనినచో నా గ్రంథములయందలి మార్గమునకే వత్తురు.

ఇఁక నీ ప్రకటనమునం దధికవివాదమునకుఁ దావైన యంశము వేఱొకటి గలదు. చిరకాలముగఁ బక్షిశాస్త్రజ్ఞులు నూతనజాతిని స్థాపింపవలెనన్న నొకపక్షిని జంపి, చర్మ మొలిచి, ప్రదర్శనశాలయందు భద్రపఱచి, దానినే యా నామమునకు మూలప్రమాణముగ నిలుపుచుండిరి. ఆత్రేయ పట్టిన పక్షులను విడిచిపెట్టెను. రాలిన కొన్ని యీఁకలు, ఛాయాచిత్రములు, కొలఁతలు, కూఁతలు మాత్రమే ప్రమాణములుగ మిగిలినవి. అప్పటి కా పక్షులు మూఁడు జతలతోఁ గూడఁ బదునాలుగు మాత్రమే చూడఁబడినవి. పదునాల్గింటిలో నొకదానిని దెగటార్చుట తగదని యాతఁడు తలఁచెను.

దీనికిఁ బూర్వపక్షము బలమైనదే. చచ్చిన పక్షి ప్రదర్శనశాలలో నూఱేండ్లుండును. సంశయము పుట్టినపుడెల్ల వచ్చి చూడవచ్చును. ఎగిరిపోయిన పక్షి మరలి సాక్ష్య మీయదు. దీనికి సోమాలియాదేశపు దృష్టాంతము గూడఁ జూపుదురు. ఆ దేశమున బులో బుర్తి యనుచోట 1988లో నొక వింతపక్షి కనఁబడినది. పట్టి పరీక్షించి, రక్తమును నీఁకలను దీసికొని, ప్రాణముతో విడిచిపుచ్చి, 1991లో దానిని నూతనజాతిగఁ బ్రకటించిరి. విడువఁబడిన దనునర్థమున ‘లిబరేటస్’ అను పేరిడిరి. మన ‘ముక్త’ శబ్దమునందువలెనే యీ నామమునను భూతకాలమందలి కర్మార్థకప్రత్యయము గలదు. కాని 2008లోఁ బ్రకటింపఁబడిన పరిశోధనమువలన నది వేఱుజాతి గాదనియు, నంతకుముందు తెలిసిన జాతియందే వర్ణభేదము మాత్రమనియుఁ దేలినది. ‘చంపనందున వచ్చిన పొరపాటు చూచితిరా?’ అని పూర్వపక్షి యడుగును.

సిద్ధాంతము చెప్పవలసియున్నది. మొదటిది: ఆ పొరపాటు తేలినది యా విడువఁబడిన పక్షినుండి తీసికొనిన యంశములలోని వంశసూత్రమువలననే. చంపకుండుట యసత్యమును గప్పిపుచ్చలేదు. సత్యము వెలువడుటకు నడ్డుపడలేదు. రెండవది: ఆ పొరపాటునకు మూలము చంపకపోవుట గాదు, ఒక్కదానినే చూచుట. ఏకవ్యక్తియందలి ధర్మమును జాతిధర్మముగ నారోపించుట హేత్వాభాసమునకుఁ ద్రోవ. ఆ యొక్కపక్షిని జంపియుండినను దాని వర్ణము మాఱదు. చర్మమును జూచినవారు నట్లే భ్రమించియుందురు. ఈగిల్‌నెస్ట్ పక్షివిషయమున నట్లు గాదు. పెక్కుపక్షులు, వానిలో జతలు, వేర్వేఱు సమయములయం దవే గుఱుతులతోఁ జూడఁబడినవి. అనువృత్తి యున్నచోట జాతి యూహింపఁ దగును. మూఁడవది: ప్రమాణము ప్రమేయమును నశింపఁజేయరాదు. పదునాలుగుమాత్రమే చూడఁబడినదానిలో నొకదానిని సాక్ష్యమునకై చంపువాఁడు, తాళపత్రగ్రంథముయొక్క ప్రాచీనతను నిరూపించుటకు దాని యాకునొకదానిని గాల్చి చూచువానికి సాటి వచ్చును. కాఁబట్టి యీ విషయమున ఆత్రేయ పద్ధతి దయచేత మాత్రమే గాక తర్కముచేతను సమర్థనీయము.

పేరునుగూర్చి విచారింతము. ఆ పక్షికిఁ బెట్టిన శాస్త్రీయనామము ‘లియోసిక్లా బుగునోరమ్’. మొదటిపదము గ్రీకుభాషనుండి వచ్చినది. నున్ననిదను నర్థముగల పదమును, గానమునకుఁ బేరువడసిన యొక పిట్టజాతి పేరును గలిసి యేర్పడినది. రెండవపదము వైయాకరణులకు మిగుల నాసక్తికరము. బుగునులు పశ్చిమ కామెంగునందలి యొక గిరిజనులు. ఆ శబ్దమునకు లాటిన్‌భాషారీతిని షష్ఠీబహువచనప్రత్యయము చేర్చి ‘బుగునుల’ అను నర్థము సాధించిరి. ‘జెర్డోని’ వంటి నామములు పక్షిశాస్త్రమునఁ గోకొల్లలు. అవి షష్ఠ్యేకవచనములు, ఒక్క పండితుని పేరుతో పక్షిని ముడివేయును. ఇచ్చట బహువచన మొక జనసముదాయము నంతను బక్షితో సంబంధింపఁజేసినది.

అయితే యీ షష్ఠికి సంబంధ మెట్టిది? కారకములును బ్రాతిపదికార్థమును గాక మిగిలిన సంబంధమాత్రమున షష్ఠి యగునని పాణినీయుల మతము. స్వస్వామిభావము, అవయవావయవిభావము, జన్యజనకభావము మున్నగునవి యెన్నియో యందుఁ జేరును. 2006లో నామమిడినపుడు బుగునులకుఁ బక్షితోఁ గల సంబంధ మొకదేశవాసమాత్రమని చెప్పవచ్చును. తరువాత 2017లో సింగ్‌చుంగు గ్రామపు బుగునులు తమయధీనమందలి సుమారు 17 చదరపు కిలోమీటర్ల యడవిని సాముదాయిక సంరక్షణారణ్యముగ నేర్పఱచిరి. ఆ దినమునుండి యీ షష్ఠికి రక్ష్యరక్షకభావ మను స్పష్టమైన యర్థ మేర్పడినది. ప్రత్యయము మొదట నందఱికి నెడమిచ్చినది. దాని యర్థమును వాక్యప్రకరణము గాక జనుల నడవడి నిర్ణయించినది. వ్యాకరణపాఠమున నిట్టి యుదాహరణము దొరకుట యరుదు.

పేరు పెట్టుటయం దన్నిచోట్ల నింత యౌచిత్యము గనఁబడదు. దక్షిణదేశపు సహ్యపర్వతములయందు, నీలగిరి మొదలగు నున్నతస్థలముల లోయలలో, గడ్డిమైదానముల నడుమఁ బొట్టిచెట్లతో దట్టమై యుండు నడవులను తమిళమునఁ ‘జోలై’ యందురు. ఆంగ్లేయులు దానిని ‘శోల’ యనిరి. ఆ యడవినేలపైఁ గప్పలవలె గంతులు వైచుచు నీడవిడువక తిరుగు నీలపుఁబిట్ట యొకటి గలదు. దానిని మొదట వర్ణించినవాఁడు జెర్డన్. నెల్లూరిలో వైద్యాధికారిగ నుండిన యాతఁడు 1862–64 నడుమ వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథమున దేశభాషానామములతోఁ గూడఁ దెలుఁగు పక్షినామములను బెక్కింటిని జేర్చి తెలుఁగువారికిఁ జిరస్మరణీయుఁ డయ్యెను. అట్లు వర్ణింపఁబడిన నీలగిరి పిట్ట యొకతెగనుండి మఱియొకతెగకు మాఱుచు వచ్చినది. ఒకప్పుడు దానిని బొట్టిఱెక్కలది యను నర్థముగల ‘బ్రాకిప్టెరిక్స్’ తెగలోఁ జేర్చిరి. ఆంగ్లమున దానికి ‘రాబిన్’ అను పేరును జేర్చిరి. ఐరోపాదేశపు రాబిన్ ఱొమ్ము ఎఱ్ఱనిది. నీలగిరి పిట్ట ఱొమ్ము నీలము. ఇంటికడ వదలివచ్చిన పిట్టపై మమకారమువలన విదేశమునఁ గనఁబడిన ప్రతిపిట్టకు నా పేరే పెట్టుట సాదృశ్యము గాదు, సాదృశ్యాభాసము. గవయమును జూచి గోవనియే పిలుచువానికి నుపమితి కలుగలేదని చెప్పవలసియుండును.

2017లో వి. వి. రాబిన్ మున్నగువారు వంశసూత్రపరిశోధనమునుబట్టి యీ పిట్టల తెగ వేఱని స్థాపించి, దానికి ‘శోలికోల’ యని పేరు పెట్టిరి. శోల యను ద్రావిడశబ్దమునకు వసించునది యను నర్థముగల లాటిన్ పదము చేరినది. తెలుఁగు వైయాకరణులు దీనిని వినినంతనే వైరిసమాస మని నవ్వుదురు. నవ్వుట న్యాయమే, భిన్నభాషాపదములను విధినుల్లంఘించి యతికినచో శబ్దమున కొక కఱకుఁదనము తప్పదు. అయినను శబ్దదోషమును, నర్థగుణమును వేఱువేఱుగఁ దూఁచవలెను. ‘శోలలయందు వసించునది’ యన్నంతనే వెదకువాఁడు గడ్డిమైదానమును విడిచి యడవి నీడలోనికిఁ బోవును. అక్కడనే యా పిట్ట దొరకును. ‘రాబిన్’ అను మాట నిర్దుష్టశబ్దమయ్యు వెదకువానిని మోసపుచ్చును. సుశబ్దమై యర్థము దప్పిన నామముకంటె, వైరిసమాసమైనను స్థానమును దెలుపు నామము ప్రమాణదృష్టిచే నధికము. అట్లని వైరిసమాసములనే కల్పింపుమని తాత్పర్యము గాదు. రెండుగుణములును గలిసిన నామములు తెలుఁగునందే సిద్ధముగ నుండఁగా నన్యమార్గమేల?

అందుకు దృష్టాంతము కలివికోడి. ఇది పర్వతారణ్యమందలి పక్షి గాదు. కడపసీమయందలి లంకమలప్రాంతపు ముండ్లపొదలలో రాత్రివేళఁ దిరుగునది. అయినను బేరును దర్శనమును గూర్చిన యీ విచారమున దానికిఁ దగిన స్థానము గలదు. పక్షిశాస్త్రజ్ఞులు దానిని జెర్డన్ పేరుతోఁ బిలుతురు. 1848లో వర్ణింపఁబడిన యా పక్షి 1900 తరువాతఁ బండితుల కన్నులఁ బడలేదు, నశించినదనియే తలఁచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్రసంఘమునకుఁ జెందిన భరత్ భూషణ్ పల్లెజనులకుఁ బక్షిచిత్రమును జూపి విచారించుచు వెదకఁగా స్థానికుల సాయమున మరల దొరకినది. నైయాయికుని కథలో నరణ్యవాసి వాక్యము చెప్పఁగా నగరవాసి మృగమును గుర్తించెను. ఇచ్చట నగరవాసి చిత్రమును జూపఁగా నరణ్యవాసి గుర్తించెను. ప్రమాణ మొక్కటియే, ఆప్తుఁ డెవఁడో, శిష్యుఁ డెవఁడో యను స్థానములు మాత్రము తాఱుమాఱైనవి.

‘కలివికోడి’ యను సమాసమును జూడుఁడు. కలివిపొదలయందుండు కోడి యని విగ్రహము. పూర్వపదము నెలవును దెలుపుచున్నది. ఉత్తరపదము లక్షణచే నేలపైఁ బరుగెత్తు స్వభావమును సూచించుచున్నది. రెండును దెలుఁగుమాటలే, వైరము లేదు. ఇంత చిన్నపేరునం దాధారమును, సాదృశ్యమును నిమిడియుండఁగా, దానిని ‘పక్షివిశేషము’ అని వివరించుట దీపమును జేతఁబట్టుకొని చీఁకటిని వర్ణించుట వంటిది. ఇట్టి పేర్లు గొఱ్ఱెలకాపరుల నోళ్లయందును, బుట్టలల్లువారి నోళ్లయందును, గొండలయందలి గిరిజనుల నోళ్లయందును నెన్ని యున్నవో! ఆ నోళ్లు మూఁతవడినచోఁ బేర్లును బోవును. పేరు పోయినచోఁ బక్షి పోయినను నడుగువాఁ డుండఁడు.

కాఁబట్టి యిఁకమీఁదఁ గోశములయందుఁ బక్షివాచకములకు వివరణము వ్రాయువారు నాలుగంశములను విడువరాదు. మొదట నెలవు: ఏదేశము, ఎంత యెత్తు, నీరో పొదయో యడవియో. రెండవది రూపము: అందఱెఱిఁగిన యొకపక్షితోఁ బోలిక చెప్పి, వెంటనే దానితోఁ బోలని గుఱుతును జెప్పవలెను. మూఁడవది కూఁత, పర్వతారణ్యములయందుఁ గన్నుకంటెఁ జెవియే ముందుగ గుర్తించును. నాలుగవది వ్యవహర్తలు: ఆ పేరు నెవరు, ఏప్రాంతమున వాడుదురో తెలుపవలెను. ఒకదానికి మఱియొకపక్షి పేరంటించుటకంటె నా యంశమును విడిచియుంచుటయే మేలు.

పైఁజెప్పిన పక్షికిఁ దెలుఁగున వివరణము వ్రాయవలసివచ్చినచో నిట్లుండవచ్చును: ‘బుగునుపిట్ట, వి. అరుణాచలప్రదేశమున పశ్చిమ కామెంగునందు రెండువేల మీటర్లకుఁ బైబడిన కొండవాలుల పొదలలోఁ దిరుగు జానెఁడు పిట్ట. చీనాదేశపు ఎమేయిపిట్టను బోలును; నెత్తి నల్లనగుట భేదము. ఱెక్కలపైఁ బసుపు ఎఱుపు తెలుపు మచ్చలు; తోఁకకొన యగ్నివర్ణము; కూఁత వేణునాదమువంటిది. మిక్కిలి యరుదు. 2006లో వర్ణితము. బుగునులను గిరిజనుల పేరనైనది.’ ఇందుఁ గాగితము పట్టినది కొన్నిపంక్తులు మాత్రమే. కాని దీనిని జదివినవాఁ డా కొండకుఁ బోయినచో మంచుతెర తొలఁగిన యొక్క నిమేషమునం దా పిట్టను గుర్తింపఁజాలును. ‘పక్షివిశేషము’ అను మాటతో వేయిమాఱులు పోయినను గుర్తింపఁజాలఁడు.

ఈ కార్యము బృహత్కోశసంఘములు మాత్రమే చేయఁదగినదిగాఁ దలంపరాదు. పాఠశాలాపండితులు తమ గ్రామములయందలి పక్షినామములను విద్యార్థులచేఁ బెద్దల నడిగించి, పైనాలుగంశములతో వ్రాయించి భద్రపఱచినచోఁ గొలఁదికాలముననే విలువైన సామగ్రి కూడును. అట్టి పట్టికలయందు శబ్దము గ్రామ్యమని త్రోసివేయక, విన్నది విన్నట్లు వ్రాసి, సాధురూపవిచారమును బిదపఁ జేయవలెను. లక్ష్యమును గోలుపోయిన లక్షణమున కర్థము లేదు. వ్యాకరణమునకు లోకప్రయోగ మెట్టిదో కోశమునకు లోకదర్శన మట్టిది. పక్షులు నామావళియందుఁ గాక యడవులయందును మిగిలియుండఁగనే యీ పని జరుగవలెను. పండితు లీ విషయమును విచారింతురుగాక.